ముందు రేవు, తర్వాత ఓడ, చివరికి ఫిరంగి: సైన్స్ ఫిక్షన్‌లో యుద్ధనౌకను కట్టడం ఎలా?

ఈ పాఠం సైన్స్ ఫిక్షన్ కథ రాద్దామనుకునే వాళ్ల కోసం. ముఖ్యంగా నోట్‌బుక్ చివరి పేజీలో అంతరిక్ష యుద్ధనౌక బొమ్మ గీసి, దానికి పేరు కూడా పెట్టేసి, కథ దగ్గర ఆగిపోయిన వాళ్ల కోసం.

ఎందుకు ఆగిపోతాం? చాలాసార్లు కారణం ఒకటే. మన ఓడకి అన్నీ ఇచ్చేస్తాం. కాంతిని మించిన వేగం, ఏదీ ఛేదించలేని కవచం, గురి తప్పని లేజర్, ఎప్పటికీ అయిపోని ఇంధనం. అలాంటి ఓడ బయల్దేరిందంటే గెలిచి తీరుతుంది. ఇక మూడో పేజీలో రాయడానికి ఏం మిగిలింది? అందుకే ఈ పాఠంలో ఒక్కటే సూత్రం చెప్పుకుందాం. మీ ఓడ ఏం చేయలేదో ముందు రాసుకోండి. వ్యూహం అక్కడి నుంచే పుడుతుంది. కథ కూడా అక్కడి నుంచే పుడుతుంది.

దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన విశాఖ తీరంలోనే ఉంది.

1. విశాఖ, 1971: రెండు ఓడలు, రెండు లోపాలు

‘ఘాజీ’ సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. 2017 ఫిబ్రవరిలో వచ్చింది, దర్శకుడు సంకల్ప్ రెడ్డి. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులో మన ఎస్-21 సబ్‌మెరైన్ ఘాజీతో పోరాడటం కల్పన. వెనకున్న అసలు సంగతి ఒక డిజైన్ పాఠం. అదేంటో చూద్దాం.

అప్పట్లో భారత్‌కి ఉన్న ఏకైక విమాన వాహక నౌక విక్రాంత్. 1961లో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధం నాటికి దాని బాయిలర్‌లో పగుళ్లు ఉన్నాయి. పూర్తి ఆవిరి పీడనంతో నడపడానికి లేదు, అంటే పూర్తి వేగం దొరకదు. ‘నెమ్మదిగా వెళితే ఏమైంది’ అనుకోకండి. వాహక నౌక డెక్ మీద నుంచి విమానం లేవాలంటే రెక్కల మీదుగా తగినంత గాలి పోవాలి. ఆ గాలిలో కొంత ప్రకృతి ఇస్తుంది, కొంత ఓడ గాలికి ఎదురు పరిగెత్తి సంపాదించుకుంటుంది. ఓడ వేగం తగ్గితే విమానం మోసుకెళ్లగల బరువు తగ్గుతుంది. అంటే బాయిలర్‌లో పగులు చివరికి బాంబుల లెక్క దాకా వెళుతుంది.

ఇలాంటి ఓడని ఎక్కడ వాడాలి? పాకిస్తాన్ సబ్‌మెరైన్లు ఎక్కువగా తిరిగే పడమటి సముద్రంలో దానికి ప్రమాదం ఎక్కువ. తూర్పున, బంగాళాఖాతంలో తక్కువ. అందుకని విక్రాంత్ తూర్పుకి వచ్చింది. యుద్ధం మొదలయ్యాక దాని విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీద దాడి చేశాయి.

ఇటు పాకిస్తాన్ వైపు చూడండి. విక్రాంత్‌ని ముంచాలంటే కరాచీ నుంచి బయల్దేరి, భారతదేశాన్ని మొత్తం చుట్టి బంగాళాఖాతానికి రావాలి. అంత దూరం రాగల సబ్‌మెరైన్ వాళ్ల దగ్గర ఒక్కటే ఉంది, ఘాజీ. అది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా పసిఫిక్ మహాసముద్రం కోసం కట్టిన డయాబ్లో. పసిఫిక్ దూరాల కోసం కట్టింది కాబట్టి పెద్ద ఇంధన ట్యాంకులు ఉన్నాయి. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. వయసు మీద పడినా దూరం పోగలదు కాబట్టి దాన్నే పంపారు. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది.

ఇప్పుడు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశారో చూడండి. విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచారు. దాని స్థానంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డెస్ట్రాయర్ రాజ్‌పుత్‌ని విశాఖ నుంచి పంపి, విక్రాంత్‌లా వైర్‌లెస్‌లో తెగ మాట్లాడించారు. విశాఖలో విక్రాంత్ సిబ్బందికి సరిపడేంత రేషన్లు, మాంసం, కూరగాయలు ఆర్డర్ చేయించారు. గూఢచారులు ఎవరైనా ఉంటే బజార్లోనే కబురు అందుకుంటారని లెక్క. ఈ సంగతులు ఆయనే తన జ్ఞాపకాల్లో రాశారు. గమనించారా? ఓడ ఎక్కడుందో చెప్పేది రాడార్ ఒక్కటే కాదండీ, కూరగాయల బిల్లు కూడా చెబుతుంది.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట ఘాజీ పేలి మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్ల అని భారత నౌకాదళం చెప్పింది. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు అని పాకిస్తాన్ చెప్పింది. వివాదం ఇప్పటికీ ఉంది. లోపలున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు, అందులో మాత్రం వివాదం లేదు. ఈ మాటని మళ్లీ గుర్తు చేసుకుందాం.

మొత్తం కథలో గొప్ప ఆయుధం ఎక్కడుంది? ఒక పగిలిన బాయిలర్, ఒక పెద్ద ఇంధన ట్యాంకు, ఒక ముసలి డెస్ట్రాయర్. లోపాలే ఎత్తుగడలయ్యాయి.

2. రేవు: ఓడకి మొదటి కొలత

మెకానికల్ వాళ్లు మొదట ఇంజన్ గీస్తారు, ఈసీఈ వాళ్లు మొదట రాడార్ గీస్తారు. నా సలహా, మొదట రేవు గీయండి.

మన జిల్లానే తీసుకోండి. తణుకు నుంచి నరసాపురం దగ్గరే. 17వ శతాబ్దంలో నరసాపురం, దాని పక్కనున్న మాధవాయపాలెం ఓడలు కట్టే చోట్లు. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు కూడా ఇక్కడ తమ ఓడలు కట్టించుకుని, బాగు చేయించుకునేవాళ్లు. ఎందుకంటే కలప గోదావరి మీద తేలి వస్తుంది, పనివాళ్లు ఉన్నారు, సముద్రం పక్కనే ఉంది. మరి హద్దు ఏంటి? గోదావరి మొగ. వరద తెచ్చిన ఇసుక మొగ దగ్గర మేట వేస్తుంది. అడుగు ఎక్కువ లోతున్న ఓడ ఆ మేట దాటలేదు. అంటే ఓడ ఎంత లోతుగా ఉండాలో సముద్రం చెప్పలేదు, ఇసుక చెప్పింది.

1971లోనే ఇంకో ఉదాహరణ ఉంది. డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద దాడి చేసిన నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు క్షిపణి పడవలు సోవియట్ తయారీ. సొంత తీరాన్ని కాపాడుకోవడానికి కట్టినవి. వేగం ఎక్కువ, క్షిపణి బలమైనది, కానీ దూరం పోలేవు. అందుకని వాటితో కిల్టన్, కచ్చల్ అనే పెద్ద ఓడల్ని, పోషక్ అనే ఇంధన ట్యాంకర్‌నీ కలిపి పంపారు. చరిత్రలో క్షిపణి పడవల పేర్లే వినబడతాయి. పోషక్ పేరు ఎంతమందికి తెలుసు? మీ కథలో మాత్రం పోషక్‌ని మర్చిపోకండి. శత్రువు తెలివైనవాడైతే ముందు దాన్నే వెతుకుతాడు.

సైన్స్ ఫిక్షన్ పితామహుల్లో ఒకరైన జూల్స్ వెర్న్ ఈ సంగతి 1870 నాటికే పట్టుకున్నాడు. కెప్టెన్ నెమో ఓడ నాటిలస్ ప్రపంచంతో సంబంధం తెంచుకుని తిరుగుతుంది. అయితే దాని విద్యుత్తుకు సోడియం కావాలి, సోడియం తీయడానికి బొగ్గు కావాలి. అందుకని వెర్న్ ఒక చల్లారిన అగ్నిపర్వతం లోపల నెమోకి రహస్య రేవు ఇచ్చాడు, పక్కనే సముద్రం అడుగున బొగ్గు గని ఇచ్చాడు. ఎవరి సాయం అక్కర్లేదనే మనిషికి కూడా రేవు తప్పలేదు. ఈ నెమో మన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్ అని వెర్న్ తర్వాతి నవలలో చెప్పాడు. అంటే యుద్ధనౌకల సైన్స్ ఫిక్షన్‌లో తొలి గొప్ప కెప్టెన్ భారతీయుడే!

3. ఇంధనం: తణుకు నుంచి అంతరిక్షానికి

ఇప్పుడు సముద్రం వదిలి పైకి వెళదాం. దానికి కూడా దారి మన ఊళ్లోంచే ఉంది. 1947లో చక్కెర ఫ్యాక్టరీగా మొదలైన తణుకు ఆంధ్ర సుగర్స్, ఇస్రో రాకెట్లకి యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనం తయారుచేసి ఇస్తుంది. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో ఉండే వికాస్ ఇంజన్ ఈ రకం ఇంధనాన్నే నైట్రోజన్ టెట్రాక్సైడ్‌తో కలిపి మండిస్తుంది. రెండూ తగిలితే చాలు, నిప్పు రవ్వ అక్కర్లేకుండానే మండుతాయి.

వికాస్ ఇంజన్ నుంచి వాయువులు శూన్యంలో సెకనుకి సుమారు 2.9 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తాయి. రాకెట్ సమీకరణం గుర్తుంది కదా? ఓడ వేగంలో రావలసిన మార్పుని ఈ వాయు వేగంతో భాగించండి. వచ్చిన సంఖ్యని ‘ఈ’ (2.718) మీద ఘాతంగా వేయండి. మొదటి బరువు చివరి బరువుకి ఎన్ని రెట్లు ఉండాలో వస్తుంది.

మన ఓడ వేగం మొత్తం 5.8 కిలోమీటర్లు మార్చుకోవాలి అనుకుందాం. అంటే భాగఫలం 2, ఘాతం వేస్తే 7.39. గమ్యం చేరే ప్రతి టన్నుకీ బయల్దేరేటప్పుడు దాదాపు 6.4 టన్నుల ఇంధనం కావాలన్నమాట. ఇప్పుడు ‘పక్కలకి ఇంకో 10 టన్నుల కవచం తగిలిద్దాం’ అన్న కెప్టెన్‌కి స్టోర్స్ ఆఫీసర్ ఏం సమాధానం చెబుతాడో మీరే రాయండి. ఆ 10 టన్నుల కోసం 64 టన్నుల ఇంధనం అదనంగా మోయాలి.

మరి ద్రవ హైడ్రోజన్ వాడితే? వాయు వేగం సుమారు 4.5 కిలోమీటర్లు. అదే పనికి టన్నుకి 2.6 టన్నుల ఇంధనం చాలు. కానీ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఎంత జాగ్రత్తగా దాచినా నెమ్మదిగా ఆవిరవుతుంటుంది. యూడీఎంహెచ్ మామూలు ఉష్ణోగ్రతలో నెలల తరబడి ట్యాంకులో కూర్చుంటుంది.

ఇక్కడే రెండు రకాల నౌకాదళాలు పుడతాయి. రేవుకి దగ్గరగా ఉంటూ, కబురు రాగానే దూసుకెళ్లి కొట్టి వచ్చేది హైడ్రోజన్ నౌకాదళం. దూరంగా పోయి నెలల తరబడి మాటు వేసేది ‘తణుకు ఇంధనం’ నౌకాదళం. మొదటి దాని కమాండర్‌కి ఓపిక ఉండదు, ఎందుకంటే రోజూ ఆయన ఇంధనం ఆవిరవుతోంది. రెండోదాని కమాండర్‌కి తొందర ఉండదు. చూశారా, ట్యాంకులో ఉన్నదే మనిషి స్వభావాన్ని కూడా కొంత నిర్ణయించింది.

దీనికీ ఒక మూల్యం ఉంది. ఈ ఇంధనం విషం. 1986 అక్టోబరులో ఇదే జాతి ఇంధనంతో నడిచే క్షిపణులున్న సోవియట్ సబ్‌మెరైన్ కె-219లో, ఒక క్షిపణి గొట్టంలోకి సముద్రపు నీరు చేరి, లీకై, పేలుడు జరిగింది. మూడు రోజుల తర్వాత ఓడే మునిగింది. శత్రువు ఒక్క గుండూ పేల్చలేదు. ఇంధనం ఎంచుకున్నప్పుడే ప్రమాదాన్ని కూడా ఎంచుకుంటాం.

4. వేడి: అంతరిక్షంలో దాక్కోవడం ఎంత కష్టం

విశాఖ వెళితే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ తప్పక చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు, 75 మంది సిబ్బంది, 22 టార్పెడోలు. నడకదారి ఎంత ఇరుకో లోపల నడిస్తే గానీ తెలియదు. ఇది డీజిల్, బ్యాటరీ సబ్‌మెరైన్. నీటి లోపల బ్యాటరీ మీద నిశ్శబ్దంగా నడుస్తుంది. బ్యాటరీ తరిగితే పైకి దగ్గరగా వచ్చి, గొట్టం బయటపెట్టి, గాలి పీల్చి డీజిల్ ఇంజన్ నడపాలి. దొరికిపోయేది ఆ సమయంలోనే. కాబట్టి సబ్‌మెరైన్ కథల్లో ఉత్కంఠ అంతా ఎంతసేపు ఊపిరి బిగబట్టగలం అన్నదాని మీద నడుస్తుంది.

అంతరిక్షంలో ఆ ఊపిరి పాత్ర వేడిది. శూన్యంలో గాలి లేదు, నీరు లేదు. ఓడ లోపలి వేడి బయటికి పోవాలంటే కిరణాలుగానే పోవాలి. ఎంత పోతుందో స్టీఫన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రం చెబుతుంది. 300 కెల్విన్ల దగ్గర, అంటే మన గది వేడి దగ్గర, ఒక చదరపు మీటరు నల్లటి పలక సుమారు 459 వాట్లు వెదజల్లుతుంది. ఓడలో ఒక మెగావాట్ వేడి పుడితే, పలక ఒక వైపు నుంచే వదిలినా సుమారు 2,180 చదరపు మీటర్లు కావాలి. మన లెక్కలో చెప్పాలంటే 54 సెంట్లు, అరెకరం పైమాటే! అంత చేనుని ఓడ వెనక పరుచుకుని పోవాలి.

పలకని 600 కెల్విన్లకు వేడెక్కిస్తే పదహారో వంతు చాలు, మూడున్నర సెంట్ల లోపే. కానీ ఎంత వేడిగా ఉంటే అంత మెరుస్తుంది, అంత దూరం నుంచి శత్రువు పరారుణ కెమెరాకి కనబడుతుంది. పెద్ద చల్లని రెక్క పెడితే గుండు తగలడం సులువు, చిన్న వేడి రెక్క పెడితే కనబడటం సులువు. ఈ రెండింటి మధ్య మీ ఓడ ఎక్కడ నిలబడుతుందో తేల్చుకోండి.

రెక్కలు మూసేసి దాక్కోవాలంటే? వేడిని కొంతసేపు లోపలే దాచాలి. సులువైన దారి మంచు. భీమవరం చేపల లారీల్లో కొట్టే ఐసే అనుకోండి. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. ఒక మెగావాట్ వేడిని మింగాలంటే గంటకు సుమారు 11 టన్నుల మంచు కరుగుతుంది. దాక్కోవాలనుకునే ఓడ అన్నీ ఆపేసి, దీపాలు తగ్గించి, రాడార్ కట్టేసి బతకాలి. అప్పుడు అది కూడా గుడ్డిదే.

5. కబురు, కంప్యూటరు, కెప్టెన్

భూమి నుంచి అంగారకుడికి కాంతి చేరడానికి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఏ రేడియో కబురూ అంతకన్నా ముందు చేరదు. కాబట్టి ప్రధాన కార్యాలయం నుంచి ‘ఇప్పుడు కాల్చు’ అనే మాట రాదు. కెప్టెనే నిర్ణయించాలి, తప్పయితే తనే మోయాలి. కబురు ఆలస్యాన్ని మీ కథలో ఉంచండి. ఒక నిర్ణయానికి బరువు ఇవ్వడానికి ఇంతకన్నా చవకైన పనిముట్టు లేదు.

సీఎస్‌ఈ వాళ్లకి ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ బాగా నచ్చుతుంది. 2003లో కొత్తగా తీసిన ఈ సీరీస్‌లో, శత్రువులు నెట్‌వర్క్‌లోకి చొరబడి కొత్త నౌకలన్నిటినీ ఒక్కసారే ఆపేస్తారు. మిగిలింది మ్యూజియం కాబోతున్న పాత గెలాక్టికా. దాని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలిపి లేవు. అది వెనకబాటుతనం అనుకున్నదే దాన్ని కాపాడింది. ముసలి రాజ్‌పుత్‌ని గుర్తు చేసుకోండి. మూలన పడేసిన ఓడకి కూడా ఒక పని ఉంటుంది, ఆ పని కనిపెట్టడమే వ్యూహం.

6. ఫిరంగి చివర్లో

ఇంత దూరం వచ్చాక ఇప్పుడు ఆయుధం. ఆయుధం చివర రావాలని ఎందుకంటున్నానో రెండు రచనలు చెబుతాయి.

మొదటిది ఆర్థర్ సి. క్లార్క్ 1951లో రాసిన ‘సుపీరియారిటీ’ అనే చిన్న కథ. ఒక పక్షం దగ్గర గొప్ప శాస్త్రవేత్తలు ఉంటారు. ఎప్పటికప్పుడు ఇంకా గొప్ప ఆయుధం కోసం పాతదాన్ని ఆపేస్తూ పోతారు. కొత్తది సిద్ధమయ్యేలోపు పాతది తయారవదు, కొత్తదానికి నేర్చుకున్న సిబ్బంది ఉండరు. శత్రువు మాత్రం పాత మోటు ఓడల్నే వరసగా కట్టుకుంటూ పోయి గెలుస్తాడు. ప్రాజెక్టు సమర్పణకి రెండు రోజుల ముందు ఫ్రేమ్‌వర్క్ మార్చిన ప్రతి బ్యాచూ ఈ కథ చదవాలి.

రెండోది డేవిడ్ వెబర్ 1993లో రాసిన ‘ఆన్ బాసిలిస్క్ స్టేషన్’, ఆనర్ హారింగ్టన్ నవలల్లో మొదటిది. ఈ నవలల్లో ఓడల పైనా కిందా ఏదీ ఛేదించలేని గురుత్వాకర్షణ పలకలు ఉంటాయి, పక్కలకి కాస్త బలహీనమైన గోడలు ఉంటాయి, ముందూ వెనకా తెరిచే ఉంటుంది. ఈ ఒక్క నియమంతో తెరచాప ఓడల కాలం నాటి పద్ధతులన్నీ తిరిగి వచ్చేస్తాయి. ఓడలు వరసగా నిలబడి పక్కల నుంచి కాల్చుకుంటాయి, శత్రువు ముక్కుకి అడ్డంగా దాటినవాడు గెలుస్తాడు.

ఇందులో హారింగ్టన్‌కి దొరికిన ఓడ ఫియర్‌లెస్. దాని మామూలు ఆయుధాల్లో చాలా వరకు పీకేసి, దగ్గర నుంచి మాత్రమే పనిచేసే ఒక ప్రయోగాత్మక ఆయుధాన్ని బిగించారు. యుద్ధ విన్యాసాల్లో మొదటిసారి శత్రువుకి తెలియక గెలిచింది. తర్వాత అందరూ దూరం నుంచే కొట్టారు, వరసగా ఓడిపోయింది. చివరికి మూలకి పంపేశారు. అసలు యుద్ధంలో ఆ ఆయుధం వాడాలంటే ప్రాణాలు పణంగా పెట్టి, ఓడ ముక్కలవుతున్నా దగ్గరికి వెళ్లాలి. ఆమె వెళుతుంది, గెలుస్తుంది. కానీ ఆ దూరం దాటేలోపు సిబ్బందిలో ఎంతోమంది పోతారు. చెడ్డ డిజైన్ ఖర్చుని గీసినవాళ్లు కట్టలేదు, ఓడలో ఉన్నవాళ్లు కట్టారు.

ఇక్కడే ఘాజీ లోపలి మనుషుల్ని గుర్తు చేసుకుందాం. మన కథలో శత్రువు ఓడ పేలినప్పుడు థియేటర్లో ఈలలు పడొచ్చు. అయినా ఆ ఓడలో కూడా వంటవాడు ఉన్నాడు, బాయిలర్ దగ్గర నిద్రలేని మెకానిక్ ఉన్నాడు. వాళ్లకి కనీసం ఒక పేరా ఇవ్వండి. శత్రువుని మనిషిగా రాస్తే మీ కెప్టెన్ నిర్ణయం బరువెక్కుతుంది, గెలుపు తేలికగా మింగుడు పడదు. మంచి యుద్ధ కథకీ పటాసుల కథకీ తేడా అక్కడే ఉంది.

7. ఒక ఓడ కట్టి చూద్దాం

ఇప్పటిదాకా చెప్పుకున్నది లెక్కలో పెడదాం. తణుకు పక్కనుంచి పారే గోస్తనీ పేరే మన ఓడకి పెడదాం.

పని: ఒక గ్రహశకలం పక్కన ఆరు నెలలు మాటు వేసి, శత్రు సరుకు నౌకల దారి కాపలా కాయడం.

బరువు: ఇంధనం కాకుండా 100 టన్నులు. అందులో 20 టన్నులు మంచు.

ఇంధనం: మాటు వేసేది కాబట్టి యూడీఎంహెచ్ రకం. పైన వేసిన లెక్క ప్రకారం ఆక్సిడైజర్‌తో కలిపి 640 టన్నులు.

సిబ్బంది: ఆరుగురు. మనిషికి రోజుకి 2 కిలోల తిండి అనుకుంటే 180 రోజులకి 2,160 కిలోలు.

వేడి: నిశ్శబ్దంగా ఉన్నప్పుడు 50 కిలోవాట్లు. రెక్కలు తెరిస్తే 300 కెల్విన్ల దగ్గర సుమారు 109 చదరపు మీటర్లు చాలు.

దాక్కునే సమయం: రెక్కలు మూస్తే గంటకు సుమారు 540 కిలోల మంచు కరుగుతుంది. 20 టన్నులకి 37 గంటలు. ఆ నీరు 30 డిగ్రీలకి వేడెక్కేలోపు ఇంకో 14 గంటలు. ఎండ వేడిని ఈ లెక్కలో వదిలేశాను.

ఇక చూడండి, కథ తనంతట తనే వస్తుంది. శత్రు నౌకలు 30 గంటల్లో వస్తాయని కబురు. గోస్తనీ రెక్కలు మూసింది. 37 గంటలు గడిచాయి, ఎవరూ రాలేదు. మంచు అయిపోయింది. లోపల రోహిణీ కార్తె మొదలైంది. రెక్కలు తెరిస్తే అందరికీ కనబడతాం, తెరవకపోతే ఇంకో 14 గంటలే. శత్రువు కావాలనే ఆలస్యం చేస్తున్నాడా? మన మంచు లెక్క వాడికి ఎలా తెలిసింది? బయల్దేరేముందు రేవులో మంచు సరఫరా బిల్లు ఎవరైనా చూశారా? విశాఖ బజార్లో కూరగాయల ఆర్డర్ గుర్తొచ్చిందా?

గమనించండి, ఇంతవరకూ ఈ ఓడకి మనం ఆయుధం ఇవ్వనే లేదు.

అభ్యాసం

ఈ కింది వాటిలో ఒకటి ఎంచుకుని, రెండు పేజీల్లోపు రాయండి.

ఒకటి: గోస్తనీకి ఒక్క ఆయుధం ఇవ్వండి, బరువు 5 టన్నులు దాటకూడదు. దాని కోసం ఓడలోంచి ఏం తీసేశారో చెప్పండి. అది తీసేయొద్దని వాదించిన మనిషి ఎవరో కూడా రాయండి.

రెండు: పోషక్ లాంటి ఒక ఇంధన ట్యాంకర్ సిబ్బంది వైపు నుంచి యుద్ధం మొత్తం చెప్పండి. వాళ్లకి పేలుళ్లు కనబడవు, రేడియోలో వినబడతాయి అంతే.

మూడు: శత్రు నౌకల కమాండర్‌గా ఉండి, గోస్తనీ అక్కడుందని ఎలా పసిగట్టారో రాయండి. రాడార్ వాడకూడదు.

లెక్క ఎక్కడైనా తేడా వస్తే భయపడకండి, పక్క బ్రాంచి స్నేహితుణ్ని అడగండి. థర్మల్ వాళ్లు వేడి చూస్తారు, సీఎస్‌ఈ వాళ్లు నెట్‌వర్క్ చూస్తారు, సివిల్ వాళ్లు రేవు కడతారు. రాసినవి క్లబ్బుకి పంపితే కలిసి కూర్చుని చదువుదాం. మీ ఓడ ఎక్కడ ఇరుక్కుపోయిందో ఆ పేజీనే ముందు చదువుతాం.